పెనవేత: తెలుగున చెప్పవలసిన మాట

కొలది దినముల క్రిందట మేము పనిమీద వేంపల్లెకు పోయియుంటిమి. బస్సులు నిలుచుచోట టీ అంగడి బల్లపై ఇడుపులపాయ విద్యాలయమునుండి వచ్చిన ఇద్దరు పడుచువాండ్రు కూర్చుండి, క్వాంటము కంప్యూటరును గూర్చి సగము ఆంగ్లమున, సగము తెలుగున మాటలాడుకొనుచుండిరి. ప్రక్కనున్న ముసలిరైతు కొంతసేపు విని, “ఏంది నాయనా ఆ క్వాంటమంటే? దాంతో మా బోరులో నీళ్లు పడతాయా?” అని యడిగెను. పిల్లలు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. “పరీచ్చలో రాస్తాం గానీ తాతా, నీకు చెప్పేదానికి తెలుగు మాటలు దొరకవు” అని ఒకడు సిగ్గుపడుచు బదులు చెప్పెను. రైతు నవ్వి, “దొరకనిది మాటనా, మర్మమా?” అని లేచి తన బస్సెక్కి పోయెను.

ఆ ప్రశ్న మమ్ము ఇంటివరకు వెంటాడినది. అది పరిహాసపు ప్రశ్న కాదు. 2023వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన కేంద్రప్రభుత్వము జాతీయ క్వాంటము పథకము నంగీకరించి, దానికి 6,003.65 కోట్ల రూపాయలు కేటాయించినది. 2025 మే నెలలో మన రాష్ట్రప్రభుత్వమును, ఐ.బి.యం., టి.సి.యస్. సంస్థలును కలిసి అమరావతిలో 156 క్యూబిట్ల యంత్రమును నెలకొల్పుదుమని ప్రకటించినవి. ఆ ధనములో వేంపల్లె రైతు కొన్న ఎరువుబస్తాపై పడిన పన్నును గలదు. తన డబ్బు దేనికి పోవుచున్నదో తన భాషలో తెలిసికొనుట ఆతని హక్కు. చెప్పుట చదివినవారి విధి. ఈ విధి నిర్వహింపబడుట లేదని మా ఫిర్యాదు. ఫిర్యాదు చేయువాడు మొదట తాను యత్నింపవలెను గావున, క్వాంటము శాస్త్రమునకు గుండెకాయవంటి విషయము నొకదానిని ఈనాడు పాఠకుల ముందుంచుచున్నాము.

ఆ విషయమునకు ష్రోడింగరు అను ఆస్ట్రియా పండితుడు 1935లో పేరుపెట్టెను. జర్మనుభాషలో ఆతడు వాడిన ‘ఫెర్ష్రాంకుంగ్’ అను పదము చేతులు కట్టుకొని నిలిచినవాని చేతులవలె ఒకదానిలో నొకటి అల్లుకొనుటను స్ఫురింపజేయును. ఆంగ్లమున ‘ఎంటాంగిల్‌మెంట్’ అనిరి. మనవారు కొందరు దీనిని ‘చిక్కుముడి’ యనుచున్నారు. చిక్కు అనగనే విప్పవలసిన బెడద యను భావము వచ్చును. ఇచట బెడద యేమియు లేదు. రెండు తీగలు పెనవేసికొన్నట్లు రెండు కణముల స్థితి ఒక్కటియగుటయే ఇచటి సంగతి. కావున ‘పెనవేత’ యను మాటను మేము వాడుచున్నాము. ఇంతకంటె మంచిమాట నెవరైన సూచించినచో సంతోషముతో గైకొందుము.

ఇక విషయము. ఒక జత కిర్రుచెప్పులను రెండు పెట్టెలలో నొక్కొక్కటిగా పెట్టి, ఏ పెట్టెలో నేది యున్నదో చూడకుండ ఒకదానిని కడపకును, రెండవదానిని కర్నూలునకును పంపితి మనుకొందము. కడపలో పెట్టె తెరచి చూడగా కుడికాలి చెప్పు కనబడినది. ఆ క్షణముననే కర్నూలు పెట్టెలో నున్నది ఎడమకాలి చెప్పని తెలిసిపోవును. ఇందు వింత యేమి గలదు? ఏమియు లేదు. కడపలో తెరచిన క్రియ కర్నూలులోని చెప్పును మార్చలేదు. పెట్టెలు బయలుదేరినప్పుడే ఏది యెక్కడనో నిశ్చయమైయున్నది. మన కజ్ఞానము, అంతియే.

పెనవేతకూడ ఈ చెప్పులజతవంటిదేనా? ఇదియే తొంబదియేండ్ల వివాదమునకు మూలము. 1935లో ఐన్‌స్టీనును, ఆయన అనుచరులైన పొడోల్‌స్కీ, రోజెను అనువారును ఒక వ్యాసము ప్రకటించి, క్వాంటము సిద్ధాంతము అసంపూర్ణమని వాదించిరి. ఆ సిద్ధాంతముప్రకారము పెనవేసికొన్న రెండు కణములలో నే యొక్కటియు కొలువకముందు తనదైన నిశ్చితగుణము కలది కాదు. అయినను ఒకదానిని కొలిచినంతనే రెండవదాని ఫలిత మేమిటో తెలిసిపోవును. దూరమున నున్న దానిని మన కొలత తాకజాలదు గదా. కావున ఫలితము ముందుగనే కణములో దాగియుండవలెను. సిద్ధాంతము దానిని చెప్పలేకపోవుచున్నది గావున సిద్ధాంతమే లోపభూయిష్ఠమని వారి వాదము. అనగా, పెట్టెలోని చెప్పు కుడిదో ఎడమదో ముందే యున్నదని ఐన్‌స్టీను పక్షము. కోపెన్‌హేగను నగరవాసియైన నీల్సు బోరు దీనికి సమాధానము వ్రాసెను. ఇరువురును మహానుభావులే. కాని వాదము ముప్పదియేండ్లవరకు తత్త్వచర్చగనే నిలిచిపోయినది. తక్కెడ యెక్కడ పెట్టవలెనో యెవరికిని తోచలేదు.

తక్కెడ కనిపెట్టినవాడు జాన్ బెల్. బెల్ఫాస్టు నగరమున పేదకుటుంబమున పుట్టి, అచటి విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో మొదట సహాయకుడుగా పనిచేసి, పిమ్మట అచటనే విద్యార్థియైన మనుష్యుడు. 1964లో ఆయన వ్రాసిన వ్యాసమును అర్థము చేసికొనుటకు పెద్దగణితము వలదు; ఒక ఆట చాలును. ఆ యాటను, తరువాతివారు సరళముచేసిన రూపమున, మన యూళ్లకు తెచ్చి చెప్పెదము.

ఇద్దరు నేస్తులు కలరు. ఒకడు వేంపల్లెలో, ఒకడు కడపలో కూర్చుండును. ఆట మొదలైన పిమ్మట వారు మాటలాడుకొనరాదు. సైగ, ఫోను ఏదియు లేదు. మధ్యవర్తి యొకడు ప్రతి పర్యాయమును ఒక్కొక్కరికి ఒక చీటి పంపును. చీటి తెల్లనిదో యెర్రనిదో కావచ్చును. ఏది వచ్చునో ముందు తెలియదు. చీటి చూచిన వెంటనే ఆతడు గింజనైనను రాతినైనను చూపవలెను. నియమ మిది: ఇద్దరికిని ఎర్రచీట్లే వచ్చినచో వారు చూపినవి భిన్నముగా నుండవలెను, తక్కిన మూడు సందర్భములలోను ఒక్కటిగ నుండవలెను. అట్లున్న గెలుపు, లేనిచో ఓటమి.

ఆటకు ముందు వారెంత కుట్రయైన పన్నుకొనవచ్చును. అయినను నూటికి 75 కంటె ఎక్కువ గెలువజాలరు. ఏలయన, ఇద్దరికిని తెల్లచీట్లు వచ్చినపుడు జవాబు లొక్కటి కావలెను. వేంపల్లెలో తెలుపు, కడపలో ఎరుపు వచ్చినను ఒక్కటి కావలెను. కావున కడపవాడు తెలుపునకును ఎరుపునకును ఒకటే చూపవలసివచ్చును. వేంపల్లెలో ఎరుపు, కడపలో తెలుపు వచ్చినను ఒక్కటి కావలెను గావున వేంపల్లెవాడును రెండింటికి అదియే చూపవలెను. అప్పుడు రెండును ఎరుపైనచో జవాబులు మరల ఒక్కటియే యగును. నియమమేమో భిన్నముగా నుండుమనుచున్నది. నాలుగింటిలో మూడు నెరవేర్చినవాడు నాలుగవదానిని తప్పక పోగొట్టుకొనును. పాచికలు వేసికొని ఆడినను, రహస్యపు పట్టికలు జేబులో పెట్టుకొన్నను ఈ హద్దు దాటదు. ముందుగనే జవాబులు దాచుకొన్న యే జతయైనను, అది చెప్పులజత యైనను కణములజత యైనను, 75 దాటరాదు. ఐన్‌స్టీను పక్షమునకు బెల్ పెట్టిన పరీక్ష యిదియే.

ఇపుడు కాంతిని గూర్చి ఒక్కమాట. చలువ కళ్లద్దములలో వాడు పోలరాయిడు పలకలను రెండింటిని తెచ్చి ఒకదానిపై నొకటి యుంచి త్రిప్పిచూడుడు. ఒక వాలున వెలుతురు సాగిపోవును. 90 డిగ్రీలు త్రిప్పినచో చీకటియగును. కాంతికి ఊగుదిశ యున్నదని దీనివలన తెలియును. కాంతి ఫోటానులను కణములుగా వచ్చును. ఆ కణమునకు స్వాభావికమైన భ్రమణగుణము గలదని 1931లో ప్రయోగమూలమున చూపినవారిలో సర్ సి.వి. రామనుతోపాటు మన యాగిరిపల్లి వాస్తవ్యుడు సూరి భగవంతముగారును కలరు. అప్పటికి ఆయన వయస్సు సుమారు ఇరువదిరెండేండ్లు. ఈ శాస్త్రము మనకు పరాయిది కాదని చెప్పుట కీ యొక్క నిదర్శనము చాలును.

కొన్ని స్ఫటికములపై తీవ్రకాంతిని పంపినపుడు, మిక్కిలి అరుదుగా, ఒక ఫోటాను మాయమై రెండు తక్కువశక్తిగల ఫోటానులు పుట్టును. తగిన యమరిక చేసినచో ఈ కవలలు పెనవేసికొనియుండును. ఒక్కొక్కదానిని విడిగ జూచినచో పోలరాయిడు నే వాలున నుంచినను సగముసార్లు దాటును, సగముసార్లు దాటదు. ఇంకొక మాటలో, దానికి తనదైన వాలు లేదు. కాని రెండింటిని ఒకే వాలున పరీక్షించినచో రెండును దాటును, లేదా రెండును ఆగును, తేడారాదు. వాలులమధ్య 22.5 డిగ్రీల యెడము పెట్టినచో నూటికి సుమారు 85 సార్లు ఏకీభవించును. 67.5 డిగ్రీల యెడము పెట్టినచో నూటికి సుమారు 85 సార్లు విభేదించును.

మన యాటగాండ్రకు ఒక్కొక్క కవల నిత్తము. వేంపల్లెవాడు తెల్లచీటికి పలకను 0 డిగ్రీలలో, ఎర్రచీటికి 45 డిగ్రీలలో నుంచును. కడపవాడు తెలుపునకు 22.5 డిగ్రీలలో, ఎరుపునకు దాని కెదురుదిక్కున 22.5 డిగ్రీలలో నుంచును. ఫోటాను దాటిన గింజ, దాటకున్న రాయి. లెక్కించిచూడుడు: మూడు సందర్భములలో ఎడము 22.5 డిగ్రీలే, రెండును ఎరుపైనపుడు మాత్రము 67.5. కావున ప్రతి సందర్భమునను నూటికి సుమారు 85 గెలుపులు! ముందుగ మాట్లాడుకొన్నవారి కసాధ్యమైన ఫలితము పెనవేత కలవారికి సాధ్యమగుచున్నది. చెప్పులజత కథ ఇచట ఓడిపోయినది.

ఇది కాగితముమీది గెలుపు కాదు. 1972లో బర్కిలీలో జాన్ క్లౌజరును, స్టూవర్టు ఫ్రీడ్మనును కాల్షియము పరమాణువులనుండి వెలువడిన ఫోటాను జతలతో పరీక్షించిరి. 1982లో ప్రాన్సునందు అలేన్ ఆస్పే, కణములు త్రోవలో నుండగనే పరీక్షావిధానము మారునట్లు యంత్రము నమర్చెను. ఆంటన్ జైలింగరు దూరములను పెంచి, ఒక కణపు స్థితిని పెనవేతమూలమున వేరొక కణమునకు అందించు ప్రయోగమును 1997లో ప్రకటించెను. అయినను వాదపటువులకు సందు లింకను మిగిలియుండెను. 2015లో హాలండులోని డెల్ఫ్టునందు 1.3 కిలోమీటర్ల యెడమున రెండు వజ్రములలోని ఎలక్ట్రానులను పెనవేసి ఆ ముఖ్యమైన సందులను ఒక్కమారుగ మూసిరి. తొలకరి వానకు వజ్రకరూరు, జొన్నగిరి చేలలో వజ్రములు వెదకు మనవారికి ఒక ముచ్చట చెప్పవలెను: ఆ ప్రయోగమునకు పనికివచ్చినది వజ్రములోని దోషమే. కర్బనపు అల్లికలో ఒక పరమాణువు లోపించి, ప్రక్కన నత్రజని చేరిన తావుననే ఆ యెలక్ట్రాను నిలిచియుండును. వర్తకుడు వెల తగ్గించు మచ్చ శాస్త్రజ్ఞునికి పనిముట్టైనది. 2022లో క్లౌజరు, ఆస్పే, జైలింగరు మువ్వురకు నోబెలు బహుమాన మొసగిరి. బెల్ 1990లోనే గతించెను.

ఇచట రెండపోహలను తొలగింపవలెను. మొదటిది: పెనవేతతో కాంతికంటె వేగముగ వార్త పంపవచ్చుననుట. పంపరాదు. వేంపల్లెవానికి కనబడునది గింజలు సగము, రాళ్లు సగము. కడపలో వాడు పలకను ఎటు త్రిప్పినను, అసలు త్రిప్పకున్నను ఇచటి పట్టీలో ఒక్క గింజ తేడా రాదు. రెండు పట్టీలను ఒకచోట ప్రక్కప్రక్కన పెట్టిననాడే ఆ యేకీభావము కనబడును. ఆ పట్టీ బస్సులోనో ఫోనులోనో రావలసినదే. ప్రకృతి ఐన్‌స్టీనును ఒకచో ఓడించి, మరియొకచో ఆయన వేగపుహద్దును గౌరవించినది.

రెండవ అపోహ మన దేశమున మరింత ప్రబలముగ నున్నది. క్వాంటము పేరుచెప్పి తాయెత్తులమ్మువారు, దూరమునుండి రోగములు కుదుర్చుదుమనువారు, మనసులు పెనవేసికొన్నవి గావున జాతకములు నిజమనువారు బయలుదేరినారు. పెనవేత మిక్కిలి సుకుమారమైనది. గాలి తగిలిన, వేడి సోకిన చెదరిపోవును. దానిని నిలుపుటకే అమరావతికి తేదలచిన వంటి యంత్రములలోని చిప్పను శూన్యోష్ణతకు అంగుళపు దూరమున నున్నదనదగినంత చల్లదనమున నుంతురు. అంగడి తాయెత్తులో అది నిలుచునా? ఉపనిషత్తులలోనే యిది యంతయు చెప్పబడియున్నదను వారికిని ఒక మనవి. ష్రోడింగరు వేదాంతము నభిమానించినమాట నిజము. కాని పెనవేతను నిరూపించినది శ్లోకము కాదు, లెక్కయు, కొలతయు. ఋషుల గౌరవమును కాపాడుటకు వారు చెప్పనిమాటలను వారినోట పెట్టనక్కరలేదు.

మన పూర్వులనుండి గ్రహింపదగినది వేరొకటి కలదు. రెండు కుండలను చూచి ‘రెండు’ అందుము. ఆ ద్విత్వము ఏ కుండలో నున్నది? మొదటిదానిలో లేదు, రెండవదానిలో లేదు. రెండింటియందును కలిపి యున్నది. ఇట్టి ధర్మమునకు నైయాయికులు ‘వ్యాసజ్యవృత్తి’ యని పేరిడిరి. పెనవేసికొన్న కణముల స్థితియు ఒక్కొక్కదానియందు లేక జతయందే యున్నది. న్యాయశాస్త్రకారులకు ఫోటానులు తెలియునని మా యభిప్రాయము కాదు, వారికి తెలియవు. కాని ఇంత సూక్ష్మమైన భేదమును పట్టుకొనగల మాటలు మన భాషాభాండాగారమున నున్నవి. ‘తెలుగు మాటలు దొరకవు’ అన్న కుఱ్ఱవానికి మా జవాబిదియే. మాటలున్నవి, వెదకువారు లేరు.

ఈ శాస్త్రము దేనికని రైతు అడుగును. అడుగవలసినదే. పెనవేతను రహస్యలేఖకు తాళపుచెవిగా వాడవచ్చునని 1991లో ఆర్థర్ ఎకర్టు చూపెను. ఇరువురును కవలలను కొలుచుచు తమ ఫలితములనుండి ఒకే రహస్యసంఖ్యను పొందుదురు. నడుమ దొంగ చేయిపెట్టినచో పెనవేత చెదరును. ఆటలో 85 కావలసిన గెలుపు తగ్గును. దొంగ యున్నట్లు తెలిసిపోవును. 2017లో చైనావారు ఉపగ్రహమునుండి 1,200 కిలోమీటర్లకు పైబడిన యెడమున నున్న రెండు కేంద్రములకు కవలలను పంపిరి. మనవారు 2022 జనవరిలో అహమ్మదాబాదునందు బయటి గాలిలో 300 మీటర్ల దూరము ఈ విద్యను నడపిరి. 2025లో ఢిల్లీ ఐ.ఐ.టి.వారు రక్షణపరిశోధనశాఖతో కలిసి ఒక కిలోమీటరు దాటించిరి. వెనుకబడియున్నాము, కాని నడచుచున్నాము.

కంప్యూటరు సంగతి చూతము. 156 క్యూబిట్లు పెనవేసికొన్న స్థితిని పూర్తిగ వర్ణించుటకు 2ను 156 మారులు హెచ్చవేసిన యన్ని సంఖ్యలు కావలెను. ఆ లెక్కకు 47 అంకెలు. ఏ కాగితముపైనను వ్రాయజాలము. ఈ విస్తారమును పనికి తెచ్చుకొనుటయే క్వాంటము గణనము. అయితే యంత్రము అన్ని జవాబులను ఒక్కమారు చూచి మనచేతి కిచ్చునను ప్రచారము తప్పు. చివర కొలిచినపుడు మనకు దొరకునది ఒక్క చిన్న జవాబే. తప్పుజవాబులు ఒకదానినొకటి రద్దుచేసికొని, ఒప్పుజవాబు మిగులునట్లు నడపుటలోనే నేర్పున్నది. అట్టి నేర్పు కొన్ని సమస్యలకే తెలిసియున్నది. యంత్రములు నేటికిని తప్పులు చేయుచున్నవి. ఈ నిజమును ప్రభుత్వములు ప్రజలకు దాచక చెప్పవలెను. అతిశయోక్తులతో తెచ్చిన ఉత్సాహము తొలి నిరాశకే చల్లారును.

వేంపల్లెకు మరల వత్తము. పాపఘ్నినది ఒడ్డున నున్న ఈ యూరిపేరు భూగర్భశాస్త్రజ్ఞులకు ఏనాటినుండియో తెలియును. కడప శిలాసముదాయములో ఒక పొరకు ‘వేంపల్లె’ యనియే పేరు. ఆ పొరలోని సున్నపుజాతి రాతినుండియే తుమ్మలపల్లెలో యురేనియము త్రవ్వుచున్నారు. అనగా ఆధునిక భౌతికశాస్త్రము ఈ సీమకు మొదట గనిరూపమున వచ్చినది. చుట్టుపట్ల రైతులు తమ నీటినిగూర్చి, పంటలనుగూర్చి మొరపెట్టుకొనిరి. నిపుణులు నివేదికలు వ్రాసిరి. తప్పొప్పుల నిర్ణయము ఈ వ్యాసవిషయము కాదు. ఒక్కటి మాత్రము చెప్పెదము: ఆ రైతునకును ఆ నివేదికకును నడుమ భాష గోడయై నిలిచినచోట, నిజము చెప్పినను నమ్మకము పుట్టదు, అబద్ధము చెప్పినను పట్టుకొనువాడుండడు. గనిలో జరిగినదే క్వాంటము విషయమునను జరుగవలెనా?

అదృష్టవశమున ఈసారి శాస్త్రము ఈ మండలమునకు విద్యారూపమునను వచ్చియున్నది. 2008లో స్థాపింపబడిన సాంకేతిక విశ్వవిద్యాలయపు శాఖ ఇడుపులపాయలో నున్నది. పదవతరగతి ముగించిన పల్లెటూరి పిల్లలు అచట ఆరేండ్లు చదువుదురు. తండ్రి వేరుసెనగ పండించును, బిడ్డ క్వాంటము యాంత్రికశాస్త్రము చదువును. ఇంతకంటె మంచి వారధి ఏ దేశమున దొరకును? ఆ వారధిపై మాట నడువకున్నచో దోషము పిల్లలది కాదు. మనము వారికి పరీక్షకు వ్రాయుట నేర్పితిమి; తాతకు చెప్పుట నేర్పలేదు. తాతకు చెప్పలేనివానికి తనకైన తెలిసినదో లేదో సందేహమే.

ఇట్టి పని మన పెద్దలు చేయనిది కాదు. 1906లో స్థాపింపబడిన విజ్ఞానచంద్రికామండలి చరిత్రముతోపాటు ప్రకృతిశాస్త్రములను తెనుగున అచ్చొత్తించినది. దాని నిర్మాతలలో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారితోపాటు మన కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారును ఉండిరి. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉరుదూభాషలో ఉన్నతశాస్త్రముల బోధించుటకు పూనుకొని, దానికై భాషాంతరశాఖనే నెలకొల్పినది. దొరతనము వేరైనను, ధనము చాలకున్నను ఆనాటివారు వెనుదీయలేదు. ఈనాడు స్వరాజ్యము వచ్చి డెబ్బదియేండ్లు దాటినది, వేలకోట్లు చేతనున్నవి, మాటలు మాత్రము లేవనుచున్నాము! దేశము స్వతంత్రమైనను బుద్ధి యెరువుభాషలో ఆలోచించుచున్నంతకాలము ఆ స్వరాజ్యము సగమే.

ఆంగ్లమును వలదనుట మా యుద్దేశము కాదు. ఆ భాషవలన మేమును లాభము పొందితిమి. ప్రపంచపండితులతో మాటలాడుటకు అది కావలెను. మేము కోరునవి మూడు. అమరావతికి వెచ్చించు ధనములో కొంతభాగము తెలుగున శాస్త్రగ్రంథములు వ్రాయించుటకు ప్రత్యేకింపవలెను. ఇడుపులపాయవంటి చోట్ల ప్రతి విద్యార్థియు పట్టము పొందుటకుముందు తాను నేర్చిన యొక విషయమును తన యూరి రచ్చబండపై తెలుగున చెప్పిరావలెను. రెండు పోలరాయిడు ముక్కలు, గింజలు, రాళ్లు, రెండురంగుల చీట్లు ప్రతి ఉన్నతపాఠశాలకును పంపవలెను, వీటికి కోట్లక్కరలేదు. బెల్ పరీక్షలోని తర్కమును తొమ్మిదవతరగతి బిడ్డ మధ్యాహ్నపు గంటలో గ్రహింపగలడు.

తుదకు ఆ రైతుకు బదులు చెప్పక విడువరాదు. అయ్యా, నీ ప్రశ్నకు నిజమైన జవాబిది. పెనవేతవలన నీ బోరులో నీరు పడదు. పడునని చెప్పువానిని నమ్మకుము. అయితే ఈ శాస్త్రపు మరియొక కొమ్మ భూమిలోపలి బరువుతేడాలను కొలుచుట నేర్చుచున్నది. 2022లో ఇంగ్లాండునందలి బర్మింగుహాము పండితులు, పరమాణువుల తరంగగుణమును వాడి, నేలలో పూడియున్న సొరంగమును పైనుండియే కనుగొనిరి. అది పెనవేత కాదు, దాని దాయాది. ఆ సాధనము ఏనాటికైన నీటిజాడలను చూపునంత పదునెక్కవచ్చును. ఎక్కినను, త్రవ్వవలసినచోటు చెప్పును గాని వాననీరు పోయజాలదు. చెరువు పూడిక తీయుట, చెట్టు నిలుపుట నీ పనియు నా పనియునై యుండును.

నీవడిగిన రెండవప్రశ్నకును బదులిచ్చెదము. ఆ బాలునకు దొరకనిది మాటనా, మర్మమా? రెండును ఒకదానిలో నొకటి పెనవేసికొనియున్నవి, తాతా. ఒకటి చేజిక్కినచో రెండవది దొరకును. మరల వేంపల్లె వచ్చినపుడు ఆ బల్లపైననే కూర్చుండి ఆ పిల్లలచేత నీకు చెప్పించెదము. నీవు తలయూపిననాడు ఆంధ్రదేశమున క్వాంటము విద్య కాలూనినదని మేము వ్రాయుదుము. అంతవరకు యంత్రము వచ్చినను విద్య రాలేదనియే వ్రాయుచుందుము.